విశాఖలో ఒక హత్య: డిటెక్టివ్ నవల రాయాలనుకునేవాళ్ళకి ఒక పాత ట్యాలీ క్లర్కు చెప్పే పద్ధతి

నా రెండో నవలలో మే నెల 10వ తారీఖు తెల్లవారుజామున చేపల రేవు నుంచి ఒక మరబోటు బయల్దేరుతుంది. బోటులో ఐసు పెట్టె, పెట్టెలో శవం. ఆ సీను రాసిన రోజు నాకు నేనే శెభాష్ చెప్పుకుని రెండో కాఫీ తాగాను. పుస్తకం బయటికొచ్చిన నెలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. తమరి బోటు ఎలాగెల్లింది?" అంతే ఉంది. కింద సంతకం, రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని అని ఒక ముక్క.

మన తూర్పు తీరంలో ఆ 61 రోజులూ మరబోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం. రేవులో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, కలాసీలు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఇరవయ్యేళ్ళు పోర్టులో ఉద్యోగం చేసినవాణ్ణి, రేవు పక్క నుంచే రోజూ బండి మీద పోయేవాణ్ణి, నాకు ఇది తట్టలేదు. ఆ మనిషి హత్యని నమ్మాడు. శవాన్ని ఐసులో పెట్టడం నమ్మాడు. మేలో బోటు కదలడం మాత్రం నమ్మలేకపోయాడు.

ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది. అది నేర్పిన సూత్రం మీదే తర్వాతి నవలలన్నీ రాశాను: డిటెక్టివ్ నవలలో అబద్ధం చెప్పే హక్కు హంతకుడికి ఒక్కడికే ఉంటుంది. సముద్రం, రైలు, పోలీసు కాగితం, చంద్రుడు, టీ రేటు, ఇవన్నీ నిజమే చెప్పాలి. చుట్టూ నిజం ఉన్నప్పుడే ఆ ఒక్క అబద్ధం పట్టుకోవడంలో పాఠకుడికి సరదా. అన్నీ అబద్ధాలైతే ఏది పట్టుకోవాలో తెలియక పుస్తకం మూసేస్తాడు.

మొదటి అడుగు: శవం కంటే ముందు అబద్ధం

కొత్తగా రాసేవాళ్ళు శవంతో మొదలుపెడతారు. కైలాసగిరి కింద రాళ్ళ మధ్య శవం, లాడ్జి గదిలో శవం, కంటైనర్‌లో శవం. శవం ఎక్కడైనా దొరుకుతుంది. మీకు ముందు కావాల్సింది హంతకుడు పోలీసులకి చెప్పే ఒక వాక్యం. "ఆ రాత్రి నేను రైల్లో ఉన్నాను." "ఆ గొడౌన్ తాళం నా దగ్గర లేదు." "ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు." ఒక కొత్త నోటుబుక్ కొని మొదటి పేజీలో ఆ వాక్యం ఒక్కటే రాయండి. రెండో పేజీలో, ఆ వాక్యం నిజమైతే ప్రపంచంలో ఇంకేం నిజం కావాలో రాస్తూ పోండి. రైల్లో ఉంటే టికెట్ ఉండాలి, పక్క సీటులో మనిషి ఉండాలి, టీ తాగి ఉండాలి, దోమలు కుట్టి ఉండాలి. ఇరవై, ముప్పై వస్తాయి. వాటిలో ఒకటి హంతకుడు మర్చిపోయి ఉంటాడు. మీ నవల ఆ ఒక్కటే.

ఇది తేలడానికి నాకు ఒక్కోసారి మూడు నెలలు పట్టింది. తేలకుండా రాయడం మొదలుపెట్టిన నవల ఒకటి 140 పేజీల దగ్గర ఆగిపోయి అటక మీద ఉంది.

రెండో అడుగు: పరిశోధించేవాడు ఎవడు

మన పాత డిటెక్టివ్ పుస్తకాల్లో ప్రైవేటు డిటెక్టివ్ గారు కారు దిగుతారు, ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి ఫైలు చేతికిస్తాడు. అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి వాటిని చదివి పెరిగినవాణ్ణే నేను, ఆ రుణం కాదనను. కానీ ఆయనకి ఎవర్నీ అరెస్టు చేసే అధికారం లేదు, ఎవరింట్లోనూ సోదా చేసే అధికారం లేదు. ఈ రోజు పాఠకుడికి అది తెలుసు.

కాబట్టి ఉద్యోగరీత్యా ప్రశ్నలు అడిగే మనిషిని ఎంచుకోండి. మన ఊళ్ళో అలాంటివాళ్ళకి కొదవ లేదు. ఓడకి సరుకు దెబ్బతింటే చూసి రిపోర్టు రాసే మెరైన్ సర్వేయరు. కస్టమ్స్ చుట్టూ తిరిగే క్లియరింగ్ ఏజెంటు. బయటి సముద్రంలో ఓడ ఎక్కి దాన్ని కాలవలోంచి లోపలి హార్బర్‌లోకి తెచ్చే పైలట్. కోర్టు గుమాస్తా. నా నవలల్లో మనిషి ట్యాలీ క్లర్కు, ఎందుకంటే నేనే ట్యాలీ క్లర్కుని. ఓడలోంచి దిగిన బస్తాలు, లారీ ఎక్కిన బస్తాలు లెక్కపెట్టి రెండంకెలూ కలవకపోతే ఎందుకు కలవలేదో రాయడం మా పని. డిటెక్టివ్ చేసేదీ అంతే. మీ ఉద్యోగం ఏదైనా సరే, బ్యాంకు క్యాషియరైనా, ల్యాబ్ టెక్నీషియనైనా, అందులో "లెక్క తేడా వచ్చింది" అనే క్షణం ఒకటి ఉంటుంది. మీ హీరో అక్కడే నిలబడి ఉంటాడు.

మూడో అడుగు: ఊరిని కాళ్ళతో చూడండి

దీని మీద ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నవలలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

ముందు వెలుగు. సినిమాలు చూసి విశాఖ రాసేవాళ్ళు సూర్యుణ్ణి సముద్రంలో ముంచేస్తారు. మనకి సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్ళలోంచి లేచి సాయంత్రం సింహాచలం కొండల వైపు పోతాడు. సముద్రంలోంచి సాయంత్రం పూట లేచేది పున్నమి చంద్రుడు. అది మన ఊరికి దక్కిన వరం, వాడుకోండి. ఇంకొకటి: డిసెంబర్‌లో ఇక్కడ ఐదున్నరలోపే పొద్దు కుంకుతుంది, ఆరింటికి చీకటి. మే నెలలో ఐదున్నరకే ఎండ మొహం మీద పడుతుంది. "సాయంత్రం ఆరుంపావుకి అతని మొహం స్పష్టంగా చూశాను" అని డిసెంబర్ సాక్షి చెబితే, అది మీ పొరపాటా, ఆ సాక్షి అబద్ధమా? మీ పొరపాటు కాకపోతే మంచి క్లూ.

తర్వాత నీళ్ళు. సముద్రంలో పడ్డ శవం మునుగుతుంది. లోపల గ్యాసు పుట్టాక తేలుతుంది, వేసవిలో ఒకట్రెండు రోజుల్లో, చలికాలంలో ఇంకొంచెం ఆలస్యంగా. ఎక్కడ తేలుతుంది? మన తీరం వెంట ప్రవాహం ఏడాది పొడుగునా ఒకవైపే పోదు. ఫిబ్రవరి నుంచి మే దాకా సాధారణంగా ఉత్తరానికి, అంటే భీమిలి వైపు లాగుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి, గంగవరం, పూడిమడక వైపు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఒక నవలకి సరిపడా ప్లాటు వస్తుంది. మార్చిలో ఆర్కే బీచ్ దగ్గర పడిపోయాడని అందరూ చెప్పే మనిషి దక్షిణాన యారాడ అవతల తేలితే, ఎవరో అబద్ధం చెప్తున్నట్టే.

ఇక వీధులు. మీ కథ జరిగే చోటికి మూడుసార్లు వెళ్ళండి: తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదకొండు దాటాక. వన్‌టౌన్‌లో రాస్ హిల్ ఎక్కి చూడండి. ఆ మూడు కొండల మీద చర్చి, వెంకన్న గుడి, దర్గా పక్కపక్కనే ఉంటాయి, కింద కాలవలోంచి ఓడ లోపలికొస్తూ ఉంటుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇదంతా పోస్టుకార్డు బొమ్మే, నిజమే. అయితే అక్కడ అరగంట కూర్చుంటే బొమ్మలో లేనిది ఒకటి తెలుస్తుంది: ఓడ అంత పెద్దదైనా చప్పుడు దాదాపు లేకుండా వస్తుంది. పూర్ణా మార్కెట్‌లో హమాలీల కేకలు దానికంటే గట్టిగా ఉంటాయి. నా నాలుగో నవలలో హంతకుడు పట్టుబడింది "ఓడ చప్పుడుకి మెలకువ వచ్చింది" అన్నందుకే.

చేపల రేవుకి వెళ్తే వేలంపాట జరిగే వేళకి వెళ్ళండి. కోనాం, చందువ, కవళ్ళు గుట్టలుగా పోసి ఉంటాయి. పాట పాడే ఆవిడ ఎవరి మొహమూ చూడదు, వేళ్ళు చూస్తుంది. నోటుబుక్ తీయకండి. చేపలు కొనండి. ఖాళీ చేతుల్తో నిలబడి చూసేవాణ్ణి అక్కడ ఎవరూ నమ్మరు, సంచి పట్టుకున్నవాడితో అందరూ మాట్లాడతారు. రాసుకోవడం ఇంటికొచ్చాక. ఇంకో జాగ్రత్త, నేవీ వాళ్ళ ప్రాంతాల దగ్గర ఫోన్ తీసి ఫోటోలు కొట్టకండి. నవల కోసమండీ అంటే వాళ్ళు నవ్వరు.

వీధి నిజం ఉంచండి, ఇల్లు కల్పించండి. జగదాంబ జంక్షన్ నిజం, అక్కడి లాడ్జి పేరు మాత్రం మీ సొంతం. పోలీస్ స్టేషన్‌ని ఊళ్ళోనే ఉంచి అందులోని సీఐని పూర్తిగా ఊహించండి. లంచం తిన్న డాక్టరు కావాలంటే ఆసుపత్రిని కూడా మీరే కట్టుకోండి. రేపు ఎవరైనా "ఇది నా గురించే" అంటే చూపించడానికి ఏమీ ఉండకూడదు.

నాలుగో అడుగు: కాగితాలు

చాలామంది రచయితలు పోలీసు పద్ధతి అంటే జీపు సైరన్ అనుకుంటారు. పోలీసు పద్ధతి అంటే కాగితాలు. వాటి వరుస తెలిస్తే మీ కథకి వెన్నెముక దొరికినట్టే.

విశాఖ నగరంలో ఎస్పీ జీపు దిగడు. ఇక్కడ ఉన్నది కమిషనరేట్. కమిషనర్, డీసీపీలు, ఏసీపీలు, స్టేషన్‌కి సీఐ. రైలు పట్టాల మీద శవం దొరికితే కేసు రైల్వే పోలీసులది. సముద్రం ఒడ్డున దొరికితే ముందు పది నిమిషాలు "ఇది ఏ స్టేషన్ పరిధి" అనే చర్చ. ఆ పది నిమిషాలూ రాయండి, పాఠకుడికి నవ్వూ వస్తుంది, నమ్మకమూ కుదురుతుంది.

2024 జూలై 1 నుంచి చట్టాల పేర్లు, నంబర్లు మారాయి. హత్య అంటే మన నోటికి అలవాటైన 302 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103. ఎఫ్ఐఆర్ 154 కాదు, నాగరిక సురక్ష సంహితలో 173. శవ పంచనామా 174 నుంచి 194కి వెళ్ళింది. మీ కథలో హత్య ఆ తేదీకి ముందు జరిగి ఉంటే పాత శిక్షా స్మృతి సెక్షనే వర్తిస్తుంది. అందుకే కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో మొదటే తేల్చుకోమంటాను. పాత హెడ్ కానిస్టేబుల్ మాత్రం ఇంకా "త్రీనాట్‌టూ" అనే అంటాడు. అనాలి కూడా.

పంచనామా దగ్గర మధ్యవర్తులు సంతకాలు పెడతారు. తరచుగా ఆ మధ్యవర్తి వీఆర్వో. ఎండలో నిలబెట్టారని విసుక్కుంటూ, ముక్కుకి రుమాలు కట్టుకుని సంతకం పెట్టే ఆ వీఆర్వో నాకు చాలా ఇష్టమైన పాత్ర. అందరూ శవాన్ని చూస్తారు, ఆయన ఒక్కడే ఆ భూమి సర్వే నంబరు చూస్తాడు.

శవపరీక్ష మన పెద్దాసుపత్రి కేజీహెచ్ మార్చురీలో. డాక్టరు "రాత్రి పదీ పదిహేనుకి ప్రాణం పోయింది" అని చెప్పడు. ఇంతనుంచి ఇంతలోపు అంటాడు. మన వైద్య పాఠాల్లో శవం బిగుసుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది: పూర్తిగా బిగియడానికి సుమారు 12 గంటలు, అలా ఉండటం 12, సడలడం 12. మే నెల ఎండలో ఇదంతా తొందరగా అయిపోతుంది. అంటే ఎండాకాలం కథలో హంతకుడికి కొన్ని గంటల వెసులుబాటు దొరుకుతుంది, చలికాలం కథలో ఇంకో లెక్క. విసెరా, అంటే శవంలోంచి పరీక్షకి తీసిన లోపలి అవయవాల ముక్కలు, ల్యాబుకి వెళ్తుంది, మర్నాడే రిపోర్టు రాదు. నవల మధ్యలో ఆ రిపోర్టు వచ్చేలా చూసుకుంటే మలుపు దానంతటదే వస్తుంది.

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. గడియారంతో నడిచే అధ్యాయం కావాలా? ఇదిగో.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నా మొదటి నవల చివర హంతకుడు సీఐ కాళ్ళ మీద పడి అంతా ఒప్పుకుంటాడు. మా వీధిలో ఉండే ఒక వకీలుగారు అది చదివి, "మీ వాణ్ణి నేను వారంలో బయటికి తెస్తానండీ" అన్నారు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 23. ఒక్క మినహాయింపు ఉంది: వాడు చెప్పిన మాట వల్ల కొత్తగా ఏదైనా దొరికితే, దానికి సంబంధించినంత మేరకు ఆ మాట పనికొస్తుంది. అంటే మీ చివరి అధ్యాయంలో కన్నీళ్ళు సరిపోవు, ఒక వస్తువు దొరకాలి. కత్తి, తాళం, తడిసిన రసీదు, ఏదో ఒకటి, వాడు చెబితే తప్ప ఎవరికీ తెలియని చోట. ఈ ముక్క తెలిశాక నా ముగింపులన్నీ బాగుపడ్డాయి.

ఐదో అడుగు: సెల్‌ఫోను అనే శత్రువు

టవర్ లొకేషన్, కాల్ డేటా, వీధికో సీసీ కెమెరా. ఇవన్నీ ఉంటే రెండో అధ్యాయంలోనే కథ అయిపోతుంది. ఫోన్ పోయింది, చార్జింగ్ అయిపోయింది అని రాస్తే పాఠకుడు ఆవలిస్తాడు. అదే టవర్ లొకేషన్ చెప్పేది మనిషిని కాదని, ఫోన్ ఏ చుట్టుపక్కల ఉందో మాత్రమేనని గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది. సీసీ కెమెరా హార్డ్ డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. ఫిర్యాదు ఆలస్యమైతే ఆ షాపువాడి దగ్గర ఆ రాత్రి ఉండదు.

లేదా కథని 2014 అక్టోబర్ 12కి తీసుకెళ్ళండి. హుద్‌హుద్ మన మీద పడ్డ ఆదివారం. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. రోజుల తరబడి ఊరంతా కొవ్వొత్తులు, నీళ్ళ బిందెలు. నా ఆరో నవల ఆ వారంలో నడుస్తుంది. ఆ నవల రాయడానికి నేనేమీ పరిశోధన చేయలేదు, మా మేడ మీద కూర్చుని జ్ఞాపకం తెచ్చుకున్నానంతే.

ఆరో అడుగు: క్లూని అందరి కళ్ళముందే దాచడం

ఒక క్లూ ఎలా పుట్టిందో మొదటినుంచీ చెప్తాను.

హంతకుడి వాక్యం: "ఆ రాత్రి నేను విజయవాడ నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా రైల్లోనే ఉన్నాను, కన్ను మూయలేదు." నిజానికి వాడు విశాఖలో దిగి పని ముగించుకుని, రోడ్డు మీద పోయి పొద్దున్నే ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఊళ్ళో, తేలాడు.

మన స్టేషన్ సంగతి మనకి తెలిసిందే. విజయవాడ వైపు నుంచి వచ్చి హౌరా వైపు పోయే రైలు విశాఖ స్టేషన్‌లోకి వచ్చిందంటే ఇంజను ఇటు తీసి అటు తగిలించాలి. వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్ళి మళ్ళీ మెయిన్ లైన్ పడుతుంది. అది కుదరదనే కొన్ని రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. (మీ కథలో రైలు ఏదో టైమ్‌టేబుల్ చూసి ఎంచుకోండి, దువ్వాడ రైలు పెడితే మొత్తం బోల్తా.) అంటే విజయవాడ నుంచి ఎదురుగా చూస్తూ కూర్చున్న మనిషి విశాఖ దాటాక వెనక్కి చూస్తూ కూర్చుంటాడు.

నాలుగో అధ్యాయంలో హంతకుడు సీఐ ముందు కూర్చుని సణుగుతాడు: "కిటికీ సీటు సార్, షట్టర్ పడదు. విజయవాడ నుంచి దిగేదాకా ఎదురుగాలి మొహాన కొడుతూనే ఉంది. ఇదిగో, చెవి పోటు ఇంకా తగ్గలేదు." పాఠకుడు చెవి పోటు చూస్తాడు, గాలిని చూడడు. వెంటనే సీఐ వాడికి దూది తెప్పిస్తాడు, సీను నవ్వులో తేలిపోతుంది. తొమ్మిదో అధ్యాయంలో ట్యాలీ క్లర్కు పెళ్ళికి పలాస వెళ్తూ ఉంటాడు, రైలు విశాఖలో కదలగానే పక్క సీటు పిల్ల ఏడుపందుకుంటుంది: "అమ్మా, రైలు ఎనక్కెల్లిపోతంది!" వాళ్ళమ్మ నవ్వి జంతిక చేతిలో పెడుతుంది. అక్కడితో వదిలేయాలి. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పకూడదు. పదిహేడో అధ్యాయంలో రెండూ కలుస్తాయి.

పద్ధతి ఇంతే. క్లూని సణుగుడులోనో నవ్వులోనో చెప్పండి, వెంటనే పాఠకుడి చూపు ఇంకోదాని మీదకి మళ్ళించండి, దాని జంట ముక్కని నాలుగైదు అధ్యాయాలు దూరంగా పెట్టండి. హీరోకి తెలిసినదంతా పాఠకుడికీ తెలియాలి. చివరి పేజీలో జేబులోంచి కొత్త ఉత్తరం తీసే డిటెక్టివ్‌ని నేను చదవను.

ఏడో అడుగు: మాట

యాస రాస్తే అందరికీ ఒకేలా రాయకండి. చేపల రేవులో ముసలమ్మ ఎస్సైతో ఇలా అంటుంది: "నానేటి సూసినాను బాబూ? సీకట్లో బోటు కదలతన్నాది. ఎవుల్దో తెల్దు." అదే ఎంవీపీ కాలనీ పంతులమ్మ "చూశానండీ, కానీ ఎవరిదో తెలీదు, గాభరాగా తలుపేసీసుకున్నాను" అంటుంది. ఆమెది విశాఖ అని చెప్పేది ఆ "ఏసీసుకున్నాను" ఒక్కటే. చాలు. ప్రతి అక్షరం మీదా యాస రుద్దితే పాఠకుడు ఆ మనిషిని వదిలి అక్షరాలతో కుస్తీ పడతాడు. ఇంకొకటి, యాస మాట్లాడేవాళ్ళని అమాయకులుగానో నవ్వించేవాళ్ళుగానో మాత్రమే పెట్టే దురలవాటు మన దగ్గర ఉంది. నా నవలల్లో అందరికంటే తెలివైన మనిషి జాలారిపేట ఆడమనిషి, ఆవిడ ఎవరి కోసమూ మాట మార్చుకోదు.

ఎనిమిదో అడుగు: కూర్చోవడం

నాలుగున్నరకి లేస్తాను. ఆరున్నర దాకా రాస్తాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు షిఫ్టుని బట్టి ఇది మారేది, రాత్రి డ్యూటీలో ఓడ ఆలస్యమైతే ట్యాలీ షీటు వెనకాలే రాసిన అధ్యాయాలున్నాయి. రోజుకి 300 మాటలు. నవ్వకండి. వారానికి ఐదు రోజుల లెక్కన ఏడాదికి 75,000 పైన. అందులో మూడో వంతు చింపేసినా నవల మిగులుతుంది. తెలుగు మాట పొడుగు, 50,000 మాటలంటే నా పుస్తకాల సైజులో 240 పేజీలు దాటుతుంది.

ఆపేటప్పుడు వాక్యం మధ్యలో ఆపండి. మర్నాడు ఆ సగం వాక్యమే లాక్కెళ్తుంది.

ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, మీరు రెండేళ్ళు కొంచెం పరధ్యానంగా ఉంటారని. మా ఆవిడ పప్పు రుచి చూడమంటే "విషం చేదు తెలుస్తుందంటావా" అన్నాను ఒకసారి. వారం మాటల్లేవు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయితే కనబడ్డప్పుడల్లా, "ఈపాలి ఎవుల్ని సంపుతన్నారు సారూ?" అంటాడు. లిఫ్టులో కొత్తగా చేరినవాళ్ళు ఉంటే వాళ్ళ మొహాలు చూడాలి.

తొమ్మిదో అడుగు: తిరగరాయడం

పూర్తయ్యాక నెలరోజులు ముట్టుకోకండి. తర్వాత ఎర్ర సిరాతో ఒకసారి తేదీలు, వేళలు మాత్రమే చూడండి. ఇంకోసారి ప్రతి పాత్ర ఏ పేజీలో ఏం తెలుసుకుందో చూడండి. భాష చివర్న.

భయం గురించి ఒక్క ఉదాహరణ. నా మొదటి ప్రతిలో ఇలా ఉంది: "ఆ రాత్రి భయానకంగా ఉంది. గాలి హోరున వీస్తోంది. ఏదో జరగబోతోందని అతనికి అనిపించింది." తిరగరాసింది ఇది: "టీ కొట్టు రేకు రెండుసార్లు లేచి పడింది. కొట్టతను స్టవ్ ఆర్పి గ్లాసులు లెక్కపెట్టాడు. పదకొండు. సాయంత్రం పన్నెండు కడిగాడు." మొదటిది ఏ ఊళ్ళోనైనా, ఏ నవలలోనైనా ఉండొచ్చు. రెండో దాంట్లో గ్లాసు ఎవరు పట్టుకెళ్ళారన్నది పాఠకుడు అడుగుతాడు, పేజీ తిప్పుతాడు.

పదో అడుగు: డబ్బు, కాగితం మీద

నా మూడో నవలని ఒక ప్రచురణకర్త "మన మధ్య కాగితాలెందుకండీ" అంటూ తీసుకున్నాడు. రెండు ముద్రణలు అమ్మాడు. నాకు ముట్టింది ఇరవై అయిదు కాపీలు, ఒక శాలువా. హత్యల మీద ఇన్ని పేజీలు రాసినవాణ్ణి, ఒక్క పేజీ ఒప్పందం రాసుకోలేకపోయాను.

కాబట్టి వినండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నవల మీద హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. హక్కు ఇంకొకరికి ఇవ్వడం రాతపూర్వకంగా, మీ సంతకంతోనే జరగాలి. కాగితంలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళుగా, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. సీరియల్, పుస్తకం, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్, ఇవన్నీ వేరువేరు హక్కులు, "సర్వహక్కులూ" అనే మాట కనబడితే పెన్ను మూత పెట్టేయండి. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఎంత వస్తుందని అడుగుతారు. నా విషయంలో అయితే, ఉద్యోగం మానుకునేంత ఎప్పుడూ రాలేదు. సీరియల్‌గా వచ్చినప్పుడు కొంత, పుస్తకం మీద ఇంకొంత, ఒక ఏడాది మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాను, ఇంకో ఏడాది డీటీపీ ఖర్చు కూడా రాలేదు.

ప్రూఫులు

డీటీపీ నుంచి వచ్చిన ప్రూఫులు కనీసం మూడుసార్లు చూడండి. యూనికోడ్‌లో రాసింది డీటీపీవాళ్ళు వాడే "అను" అనే ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, "హత్య" కాస్తా "హత" అవుతుంది. ఒకసారి చివరి పేజీ నుంచి మొదటికి చదవండి, కథలో పడిపోకుండా తప్పులు కనిపిస్తాయి. పేర్లు వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి. నా ఐదో నవలలో చనిపోయిన మనిషి 212వ పేజీలో టీ తాగుతాడు.

పుస్తకం అచ్చయ్యాక మొదటి కాపీ నేను రేవుకి పట్టుకెళ్తాను. ఆ పోస్టుకార్డు రాసినాయన ఇప్పుడు రిటైరయ్యాడు, సాయంత్రాలు ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన బల్ల మీద కూర్చుంటాడు. "రా బావూ" అని పక్కకి జరిగి చోటిస్తాడు. కళ్ళజోడు తుడుచుకుని, అట్ట చూడకుండా, మొదటి పేజీ చూడకుండా, బోటు ఎక్కడుందో వెతుకుతూ పేజీలు తిరగేస్తాడు. దొరికాక వేలు పెట్టి తారీఖు చదువుకుంటాడు. నేను అంతసేపూ సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాను.